పాత ఇంటి స్నానాల గది: పరిమిత వ్యయంతో, పాత అందం చెడకుండా

బసవనగుడి, మల్లేశ్వరం, చామరాజపేట, ఫ్రేజర్ టౌన్ వంటి పేటలలో ఎర్రని గచ్చు నేల, మంగుళూరు పెంకు, ఎత్తైన పైకప్పు గల ఇళ్ళు నేటికీ అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. అటువంటి ఇళ్ళలో సొంతదారులుగానో అద్దెదారులుగానో నివసిస్తున్న తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. మల్లేశ్వరంలోని ‘విల్లా పొట్టిపాటి’ అన్న పేరు ఆంధ్రదేశంలోని పొట్టిపాటి గ్రామం నుండి వచ్చిన కుటుంబపు తోట ఇంటిని గుర్తుచేస్తుంది. తరువాతి కాలంలో ఆ భవనం వారసత్వ హోటలుగా అతిథులకు ఆశ్రయమిచ్చింది.

ఇటువంటి ఇళ్ళలో నివసించేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది: ఇల్లంతా బాగుంది, స్నానాల గదితోనే బాధ. గోడలలో చెమ్మ, నిలిచిపోయే నీరు, తుప్పు పట్టిన గొట్టాలు, వృద్ధులకు జారుడు భయం. ఈ బాధ భరించలేక స్నానాల గదిని పూర్తిగా పగలగొట్టి కొత్త టైల్స్ అతికించేవారు కొందరు. ఇల్లే కూల్చి అంతస్తులు లేపేవారు మరికొందరు. ఈ రెండింటికీ మధ్య తక్కువ ఖర్చుతో కూడిన మార్గం ఒకటి ఉంది. కంటికి కనబడని వాటిపై, అనగా తూము, గొట్టాలు, నీటి నిరోధక పొర, విద్యుత్తు భద్రతపై, ముందుగా డబ్బు వెచ్చించాలి. కంటికి కనబడే పాత వాటిని వీలైనంత వరకు ఉన్నచోటనే నిలుపుకోవాలి. పాత శైలిని కొనుక్కోవడం కంటే కాపాడుకోవడం ఎప్పుడూ చవక.

పాత స్నానాల గది ఎలా ఉండేది?

బెంగళూరుకు గొట్టాల ద్వారా నీరు అందడం 1890ల దశకంలో హెసరఘట్ట చెరువుతో మొదలైంది. 1898లో నగరాన్ని ప్లేగు వ్యాధి చుట్టుముట్టింది. ఇరుకైన పాత పేట నుండి జనాన్ని గాలి వెలుతురు గల కొత్త ప్రాంతాలకు తరలించవలసిన అవసరం ఏర్పడి, బసవనగుడి, మల్లేశ్వరం విస్తరణలు ఊపందుకున్నాయి. ఈ పేటలలో ఇళ్ళ వెనుక సన్నని పారిశుధ్య సందులు ఏర్పరచారు. మరుగుదొడ్డి ఇంటి వెనుక చివరన, ఆ సందును ఆనుకొని ఉండేది. సందు గుండా పారిశుధ్య కార్మికులు వచ్చి మలాన్ని చేతులతో ఎత్తి మోసుకుపోయేవారు. ఆ అమానవీయ పద్ధతిని చట్టం నేడు పూర్తిగా నిషేధించింది.

స్నానాల గది మరుగుదొడ్డికి వేరుగా, వంటగదికి దగ్గరగా ఉండేది. ఒక మూల పొయ్యి, దానిపై గారతో బిగించిన రాగి హండా, పక్కన నీటి తొట్టి, నేలకు ఎర్ర గచ్చు లేదా రాతి పలకలు, పైన చిన్న వెంటిలేటరు, చెక్క తలుపు. ఇదే ఆనాటి సాధారణ రూపం. కంటోన్మెంటు వైపు బంగళాలలో తెల్లని మెరుపు టైల్స్, పింగాణీ బేసిన్లు, గోడకు ఎత్తుగా బిగించి గొలుసుతో లాగే ఇనుప ఫ్లష్ తొట్టెలు చేరాయి. 1948లో పునాది పడిన జయనగర్ వంటి తరువాతి పేటలలో రాతి చిప్స్ కలిపిన మొజాయిక్ నేలలు విరివిగా వచ్చాయి.

కనుక ‘పాత శైలి’ అన్నది ఒకటే కాదు. పని మొదలుపెట్టక ముందు మీ ఇల్లు ఏ కాలానిదో గుర్తించండి. ఎర్ర గచ్చు ఇంటికి విదేశీ నమూనా స్నానపు తొట్టి ఎంత అసహజమో, 1950ల నాటి మొజాయిక్ ఇంటికి చెక్కడపు రాగి బేసిన్ కూడా అంతే అసహజం.

పగలగొట్టే ముందు పరిశీలించవలసినవి

సుత్తి పట్టడానికి ముందు కనీసం ఒక వారం గదిని గమనించండి. చెమ్మ గోడ అడుగునుండి పైకి పాకుతున్నదా, పైకప్పు నుండి దిగుతున్నదా, గొట్టం వెంబడి ఒకచోటనే ఉన్నదా అన్నది తెలుసుకోవాలి. మూడింటికీ చికిత్స వేరు. పైకప్పు నుండి దిగే చెమ్మకు గోడ టైల్స్ మార్చినందువల్ల ప్రయోజనం లేదు.

తూము వద్ద దుర్వాసన వస్తుంటే, తూము అడుగున ఉండే నీటి అడ్డు ఎండిపోయిందేమో చూడండి. అక్కడ సుమారు రెండు అంగుళాల లోతున నీరు నిలిచి ఉంటేనే మురుగు వాయువు పైకి రాదు. వాడని గదిలో అప్పుడప్పుడు ఒక చెంబు నీళ్ళు పోస్తే సరిపోవచ్చు. అసలు ఆ ఏర్పాటే లేకపోతే కొత్తది బిగించాలి.

పాత ఇళ్ళలో వెలుపలి గొట్టాలు, కప్పు రేకులు ఆస్బెస్టాస్ సిమెంటుతో చేసినవి కావచ్చు. వాటిని పొడిగా కోయడం, రంధ్రాలు చేయడం ప్రమాదకరం. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తలుపుల పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది. గీకవలసి వస్తే తడిపి గీకించండి. పిల్లలను దూరంగా ఉంచండి.

ఖర్చు ఏ క్రమంలో?

చేతిలో ఉన్న మొత్తంలో ఆరవ వంతును ముందుగానే పక్కన పెట్టండి. పాత గోడ తెరిచిన తరువాత బయటపడే పనులకు అది అవసరమవుతుంది. మిగిలిన దానిని ఈ వరుసలో వెచ్చించండి.

మొదటిది మురుగు. తూము, దాని వాలు, వెలుపలి గుంట వరకు గొట్టం సరిగా ఉన్నాయో లేదో పరీక్షించాలి. ఎనిమిది అడుగుల పొడవు గల నేలకు తూము వైపు కనీసం ఒక అంగుళం వాలు ఉండాలి.

రెండవది మంచినీటి గొట్టాలు. పాత జింకు పూత ఇనుప గొట్టాలు లోపలినుండి తుప్పుతో పూడిపోతాయి. వాటి స్థానంలో సి.పి.వి.సి. గొట్టాలు వేయవచ్చు. సున్నపు గార గోడలలో అడ్డంగా గాడులు కొడితే గోడ బలహీనపడుతుంది. అందుచేత గొట్టాలను గోడపైనే, తిన్నగా, క్లిప్పులతో బిగించి గోడ రంగు వేయించడం మేలు. ఆ కాలపు ఇళ్ళలో గొట్టాలు పైకి కనబడుతూనే ఉండేవి. ఇందువల్ల శైలీ నిలుస్తుంది, గోడా నిలుస్తుంది; రేపు మరమ్మతు వచ్చినా టైల్స్ పగలగొట్టనక్కరలేదు.

మూడవది నీటి నిరోధక పొర. నేల అంతటా, గోడలపై కనీసం ఒక అడుగు ఎత్తు వరకు, స్నానం చేసే మూలలో తల ఎత్తు వరకు ఈ పూత ఉండాలి. పూత ఆరిన తరువాత తూము మూసి, నేలపై రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలిపి చూడండి. నీటిమట్టం తగ్గకుండా, పక్క గది గోడకు చెమ్మ రాకుండా ఉంటేనే తరువాతి పనికి అనుమతించండి. రెండు రోజుల జాప్యమని ఈ పరీక్షను వదులుకోవద్దు.

నాలుగవది విద్యుత్తు. కర్రపట్టీలపై లాగిన పాత వైరింగులో ఎర్తింగ్ లేకపోవచ్చు. గీజరుకు ప్రత్యేకమైన లైను, సక్రమమైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. తప్పనిసరి. స్విచ్చి గది వెలుపల ఉండాలి. ఈ అంశంలో పొదుపు చేయరాదు.

ఈ నాలుగూ ముగిసిన తరువాతనే టైల్స్, కొళాయిలు, అద్దాల గురించి ఆలోచించండి. చాలామంది ఇందుకు విరుద్ధంగా ముందు దుకాణానికి వెళ్ళి టైల్స్ ఎంచుకుంటారు. చివరకు తూముకు డబ్బు చాలదు.

గోడలు: సున్నానికి ఊపిరి కావాలి

పాత గోడలు ఇటుకను సున్నపు గారతో కట్టినవి. సున్నం తేమను పీల్చి, మళ్ళీ గాలిలోకి వదులుతుంది. అటువంటి గోడకు రెండు వైపులా సిమెంటు పూసి, ప్లాస్టిక్ రంగు వేస్తే తేమ లోపలే చిక్కుకొని, పొక్కులుగా పైకి లేస్తుంది. కనుక నీరు పడే మేరకే టైల్స్ వేసి, పై భాగాన్ని సున్నపు గారతోనే ఉంచి వెల్ల వేయించండి. గోడ వెలుపలి వైపు కూడా సున్నమే ఉంటే గోడ ఆరుతుంది.

సున్నపు గారలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీరు కలపడం దక్షిణాదిన తరతరాలుగా ఉన్న పద్ధతి. ఇటుక పొడి కలిపితే తడిలో కూడా గార గట్టిపడుతుంది. మీ గదినుండి తీసిన పాత ఇటుక ముక్కలనే ఇందుకు దంచి వాడుకోవచ్చు. అయితే సున్నం ఆరడానికి వారాలు పడుతుంది. వానలు తగ్గి, ఎండలు ముదరని డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన కాలం.

నేల: ఎర్ర గచ్చు, కడప బండ

పాత ఎర్ర గచ్చు నేలలో ఒకటి రెండు బీటలు ఉన్నంత మాత్రాన దానిని పెకలించనక్కరలేదు. బీటను శుభ్రపరిచి, అదే రంగు పొడి కలిపిన సన్నని సిమెంటు మిశ్రమంతో నింపి, ఆరిన పిదప నూనెతోనో మైనంతోనో మెరుగు పెట్టవచ్చు. అతుకు కొద్దిగా కనబడుతుంది. దానిని లోపంగా కాక ఇంటి వయస్సుగా భావించండి. కొత్తగా ఎర్ర గచ్చు వేయించాలంటే మాత్రం పనితెలిసిన మేస్త్రీ దొరకాలి. సిమెంటులో ఐరన్ ఆక్సైడు రంగు సమంగా కలవాలి; గది మొత్తం ఒకే విడతలో పూర్తి కావాలి; వారం రోజులకు తక్కువ కాకుండా తడుపుతూ ఉండాలి. పనితనం లేనివారి చేతిలో అది మచ్చలమయమవుతుంది.

నునుపైన గచ్చు తడిస్తే జారుతుంది. కనుక స్నానం చేసే భాగంలో గరుకు రాయి, తక్కిన పొడి భాగంలో ఎర్ర గచ్చు ఉంచడం వివేకం. ఇక్కడ మన రాష్ట్రపు రాళ్ళే అక్కరకు వస్తాయి. బెంగళూరు వంటిళ్ళ గట్లకు, అరలకు, గడపలకు దశాబ్దాలుగా వాడుతున్న నల్లని బండను ఇక్కడివారు కూడా ‘కడప కల్లు’ అనే పిలుస్తారు. బేతంచెర్ల, తాడిపత్రి బండలూ ఇక్కడ దొరుకుతాయి. దేవనహళ్ళి వైపు సాదరహళ్ళి బూడిదరంగు గ్రానైటు బెంగళూరు ఇళ్ళకు పాత పరిచయమే. పాలిష్ చేయని, గరుకుగా చెక్కిన పలకను ఎంచుకుంటే ధరా తక్కువ, జారుడూ తక్కువ.

ఒక హెచ్చరిక: కడప బండ సున్నపురాయి జాతికి చెందినది. మొజాయిక్‌లోని పాలరాతి చిప్స్ కూడా అంతే. వీటిని ఆసిడ్‌తో కడిగితే పైపొర కరిగి కాంతి పోతుంది. సబ్బు నీరు, మెత్తని చీపురు చాలు.

టైల్స్: ఎత్తు తగ్గితే ఖర్చు తగ్గుతుంది

నేడు గోడ మొత్తం టైల్స్‌తో కప్పడం అలవాటైంది. పాత ఇళ్ళలో టైల్స్ నడుము ఎత్తునకో, ఛాతీ ఎత్తునకో ఆగేవి. ఈ పాత పద్ధతి మీ ఖర్చును ఎంత తగ్గిస్తుందో లెక్క చూడండి. అయిదు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు గల గది చుట్టుకొలత 26 అడుగులు. ఏడు అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే, రెండున్నర అడుగుల తలుపు పోను, సుమారు 164 చదరపు అడుగులు అవుతుంది. నాలుగు అడుగుల వద్ద ఆపితే 94. స్నానం చేసే మూలలో రెండు గోడలపై మూడేసి అడుగుల వెడల్పున ఏడు అడుగుల వరకు పెంచినా అదనంగా 18 మాత్రమే. మొత్తం 112. దాదాపు మూడవ వంతు టైల్స్, వాటి సిమెంటు, కూలి మిగులుతాయి. పై గోడకు ఊపిరి కూడా దక్కుతుంది.

సాదా తెల్ల టైల్స్, పైన ఒక వరుస ముదురు ఆకుపచ్చ లేక నలుపు అంచు వేస్తే ఆ కాలపు రూపం వస్తుంది. పూల డిజైను సిమెంటు టైల్స్ ఖరీదైనవి. అంతగా ఇష్టమైతే బేసిను ముందు నాలుగు చదరపు అడుగులకు పరిమితం చేసుకోండి.

సామగ్రి: పాతవి ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?

ఇత్తడి కొళాయిలు కారుతుంటే చాలాసార్లు మార్చవలసింది లోపలి వాషరునే. టేకు తలుపు అడుగు కుళ్ళితే ఆ భాగం వరకు కొత్త చెక్క అతికించి, లోపలి వైపు అల్యూమినియం రేకు కొట్టించవచ్చు. పింగాణీ బేసిన్ పగలకపోతే ఉంచండి. చిక్కపేట ప్రాంతపు ఆదివారం బజారులో, శివాజీనగర్ గుజరీ దుకాణాలలో పాత కొళాయిలు, గొళ్ళేలు, అద్దపు చట్రాలు వెదకవచ్చు. మరలు నేటి గొట్టాలకు సరిపోతాయో లేదో చూసి మరీ కొనండి.

ఫ్లష్ తొట్టి విషయంలో మాత్రం మార్పు మంచిది. పాత తొట్టెలు ఒక్కసారికి పది లీటర్లు, ఆపైన వదులుతాయి. నలుగురున్న ఇంట్లో రోజుకు ఇరవై సార్లు వాడితే రెండు వందల లీటర్లు. మూడు, ఆరు లీటర్ల రెండు మీటల తొట్టి అయితే, నాలుగు సార్లు పెద్దది, పదహారు సార్లు చిన్నది వాడినప్పుడు 72 లీటర్లు. గోడ లోపల దాచే తొట్టి కంటే గోడపై కనబడే పింగాణీ తొట్టి చవక, పాత గదికి సహజం, మరమ్మతుకు సులభం.

ఈ పొదుపు కేవలం బిల్లు కోసం కాదు. 1974 నుండి ఈ నగరానికి కావేరీ నీరు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుండి, ఎంతో ఎత్తు పైకి తోడబడి వస్తున్నది. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన సంగతి మనందరికీ తెలిసినదే. కొళాయిలకు ఏరేటర్లు బిగించడం చిన్న ఖర్చు, నిత్య లాభం.

విశాలమైన కొత్త తరహా షవరు కొనే ముందు ఒక మాట. డాబా ట్యాంకు షవరుకు మూడు మీటర్లే ఎత్తున ఉంటే నీటి ఒత్తిడి స్వల్పం. అటువంటి షవరు చుక్కలుగా మాత్రమే రాలుతుంది. చిన్న షవరు, లేదా బకెట్టు, చెంబు మేలు.

వేడినీళ్ళు, గాలి

రాగి హండాను తీసి అమ్మేయకండి. పొయ్యి వాడకపోయినా చింతపండుతో తోమి నీటి నిల్వకు ఉంచుకోవచ్చు; గదికి అదే అలంకారం. వేడినీటికి సౌర హీటరు లేదా విద్యుత్ గీజరు ఏర్పరచుకోండి. గ్యాస్ గీజరును మాత్రం స్నానాల గదిలో ఎన్నడూ బిగించకండి. గాలి చాలని గదిలో దాని మంటనుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిమిషాలలో స్పృహ తప్పించి ప్రాణం తీస్తుంది. అందంగా లేదని వెంటిలేటరును మూసివేయడం కూడా తగదు. చెమ్మను, బూజును వదిలించే తొలి సాధనం అదే.

ఇంట్లో వృద్ధులుంటే కమోడు పక్కన, స్నానపు మూలలో పట్టుకొనే కడ్డీలు బిగించండి. మేకులు గారలో కాక ఇటుక లోతు వరకు దిగాలి. పాత స్నానాల గదులు తరచుగా ఒక మెట్టు పల్లంగా ఉంటాయి. ఆ మెట్టు అంచుకు వేరే రంగు రాతి పట్టీ వేస్తే మసక చూపుకు కూడా కనబడుతుంది.

అనుమతులు, ఒప్పందాలు

అద్దెదారులు పని మొదలుపెట్టే ముందు ఇంటి యజమాని సమ్మతిని వ్రాతపూర్వకంగా పొందాలి. ఖర్చు ఎవరిది, అద్దెలో ఎంత మినహాయింపు, ఖాళీ చేసేటప్పుడు ఏవి తీసుకుపోవచ్చు అన్నవి అందులో ఉండాలి. నేల, గార, కొళాయిల వంటి మరమ్మతులకు మించి గోడ తొలగించడం, గదిని పెంచడం, పైకప్పు మార్చడం తలపెడితే ముందుగా మీ వార్డు కార్యాలయంలో విచారించండి. మురుగు కనెక్షను పనులకు జలమండలి గుర్తింపు గల ప్లంబరునే నియమించండి. సందేహాలకు జలమండలి సహాయవాణి 1916. డాబాపై పడిన వాన నీటిని మురుగు గొట్టంలోకి మళ్ళించరాదు. ఇంకుడు గుంటకో, నిల్వ తొట్టికో చేర్చండి. శిథిలాలను కాలువలో, చెరువు గట్టున, వెనుక సందులో పారబోయడం నేరం. వాటిని విడిగా ఉంచి, నిర్ణీత కేంద్రానికి తరలించాలి. సెప్టిక్ ట్యాంకు ఉంటే యంత్రాలతోనే శుభ్రం చేయించండి. మనిషిని అందులోకి దింపడం చట్టవిరుద్ధం, ప్రాణాపాయకరం.

పనివారితో మాట్లాడేందుకు

కన్నడం, తెలుగు దగ్గరి భాషలు కావడం ఇక్కడ మనకు కలిసివచ్చిన అంశం. మేస్త్రీ, తొట్టి రెండు భాషలలోనూ ఉన్నాయి. మన గార వారికి ‘గారె’, సున్నం ‘సుణ్ణ’, హండా ‘హండె’. కొళాయిని ‘నల్లి’ అంటారు; వాలును ‘ఇళిజారు’, నీటి కారుడును ‘సోరికె’ అంటారు. స్నానాల గది ‘బచ్చలు మనె’. బచ్చలి అనగానే మనకు కూర గుర్తుకువచ్చినా, మేస్త్రీ అడిగేది గది గురించేనని గ్రహించండి. ‘ఇళిజారు సరియాగి ఇదెయా?’ అని మీరు ఒక్కమాట అడిగితే, వాలు గురించి మీకు తెలుసునని ఆయనకు అర్థమవుతుంది. పని మరింత శ్రద్ధగా సాగుతుంది.

చివరగా, పని ముగిసిన రోజున గొట్టాలు, వైర్లు ఏ గోడ వెంట వెళ్ళాయో కొలతలతో ఒక కాగితంపై గీసి, ఫొటోలతో సహా ఇంటి పత్రాలతో భద్రపరచండి. పదేళ్ళ తరువాత ఆ గోడను తాకబోయేవారు, అది మీరైనా మీ తరువాత వచ్చే కుటుంబమైనా, పగలగొట్టకుండానే పని ముగించుకోగలుగుతారు.